ఒకటో తేదీకి మళ్ళీ సున్నా

ఎవరింటికి వెళ్ళినా సైరా చూపు ముందు గోడల మీదికి పోతుంది. ఏసీ ఉందా, టీవీ ఎంత వెడల్పుది, ఫ్రిజ్ తలుపు కింద తుప్పు పట్టిందా, వాషింగ్ మెషీన్ పెట్టడానికి బాత్రూం పక్కన చోటుందా. ఇంటావిడ కుర్చీ వేసి మంచినీళ్ళు తెచ్చేలోపు ఇవన్నీ చూడటం అయిపోతుంది. పిల్లలేం చదువుతున్నారనీ, ఒంట్లో ఎలా ఉందనీ అడగడం ఆ తర్వాత. నందిగామ షోరూంలో చేరకముందు ఆమెకు ఈ అలవాటు లేదు.

అప్పట్లో ఆమె జగ్గయ్యపేటలోనే ఒక మందుల షాపులో బిల్లులు వేసేది. భర్త జాకీర్ సిమెంటు లారీ డ్రైవరు. ఫ్యాక్టరీలో లోడు ఎత్తుకుని వెళ్ళాడంటే మళ్ళీ ఎప్పుడొస్తాడో రోడ్డు చెప్పాలి. ఇంట్లో అత్తగారు హఫీజున్నీసా, బడికి వెళ్ళే కూతురు జాకియా. రెండు గదుల అద్దె ఇల్లు. ఇబ్బంది పడుతూ, పడనట్టు కనిపిస్తూ బతికే ఇళ్ళలో అదొకటి.

గ్యాస్ మాత్రల కోసం ఆ షాపుకు తరచూ వచ్చే ఒకాయన ఆమె మాట తీరు గమనించాడు. ఆయన పేరు భవానీప్రసాద్. నందిగామలో ఫ్రిజ్‌లు, టీవీలు అమ్మే పెద్ద షోరూంకి మేనేజరు. ముసలాయన ఒకడు మందు చీటీ పట్టుకుని కంగారు పడుతుంటే, సైరా ఒక్కో మాత్రా ఏ పూటకో అట్ట మీద గీసి చూపించడం చూశాడు.

"మా దగ్గర ఫైనాన్స్ కౌంటర్ ఖాళీగా ఉందమ్మా. జీతం ఇక్కడికి రెట్టింపు. ఇన్సెంటివ్ వేరే. నువ్వు చేసే పనే అక్కడా, అర్థం కానివాళ్ళకి అర్థమయ్యేట్టు చెప్పడం," అన్నాడు.

మరుసటి నెల నుంచి సైరా పొద్దున్నే నందిగామ బస్సెక్కడం మొదలుపెట్టింది.

ఆ పని ఆమెకు ఇట్టే పట్టుబడింది. వస్తువు మొత్తం ధర ఆమె నోటి నుంచి వచ్చేది కాదు, నెలకెంతో మాత్రమే చెప్పేది. అంతకన్నా ముందు ఆమె చేసే పని ఒకటుండేది. ఫ్రిజ్ చూసి పోదామని వచ్చిన ఆడమనిషిని పక్కకు పిలిచి, "తలుపు తీసి చూడండి, ఏం కాదు," అనేది. ఆవిడ మొహమాటంగా చెయ్యి చాపి తీసేది. లోపలి చలి మొహానికి తగిలేది. లైటు వెలిగేది. అప్పటిదాకా సైరా ఇంకో మాట అనేది కాదు. ఆవిడ ఆ తలుపు ఎంతసేపు పట్టుకుని నిలబడుతుందో చూసేది. దాన్నిబట్టి ఆధార్ కార్డు తెచ్చుకున్నారా అని అడిగేది.

మొదటి ఏడాది ఆమెకు హుషారుగానే గడిచింది. టార్గెట్ దాటిన నెల విజయవాడ హోటల్లో మీటింగు పెట్టి శాలువా కప్పారు. ఆ ఫొటో చూసి హఫీజున్నీసా పక్కింటివాళ్ళని పిలిచి చూపించింది. ఆ మర్నాడు ఒకటో తేదీ. సైరా షోరూంలోకి వెళ్ళేసరికి బోర్డు మీద ఆమె పేరెదురుగా సున్నా ఉంది. పక్కన కొత్త టార్గెట్ రాసి ఉంది. అది పాతదానికన్నా పెద్దది.

"నిన్ననేగా సార్ దాటింది," అంది సైరా.

"దాటావు కాబట్టే పెంచారమ్మా."

"మళ్ళీ దాటితే?"

భవానీప్రసాద్ మాత్ర ఒకటి నోట్లో వేసుకుని, నీళ్ళు తాగి, లోపలికి వెళ్ళిపోయాడు.

పొద్దున ఫోన్ గ్రూపులో ఈ రోజు ఎంత అమ్ముతారో రాయాలి. సాయంత్రం ఎంత అమ్మారో రాయాలి. మధ్యలో కంపెనీ ఆఫీసు నుంచి ఫోన్లు. భోజనం డబ్బా తెరిస్తే ఫోను, బస్సులో సీటు దొరికితే ఫోను. జాకియా స్కూల్లో జరిగిందేదో చెబుతుంటే సైరా ఊఁ కొడుతూ బొటనవేలితో స్క్రీను జరుపుతుండేది. పెళ్ళిళ్ళకు వెళితే కొత్త కాపురం పెట్టేవాళ్ళెవరా అని వెతికేది. ఒకసారి దగ్గర బంధువు చనిపోతే పరామర్శకు వెళ్ళింది. ఆడవాళ్ళంతా కూర్చుని ఏడుస్తున్న గదిలో ఉక్కపోతగా ఉంది. ఈ గదికి ఎంత ఏసీ సరిపోతుంది అని లెక్క వేస్తూ పట్టుబడింది. ఎవరూ పట్టుకోలేదు, తనకు తనే. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. చూసినవాళ్ళు ఏడుస్తోందనుకున్నారు.

ఆ ఎండాకాలం ఎండలు భయంకరంగా కాశాయి. క్వారీల మధ్య ఊళ్ళు కదా, పేటలో గోడలు పొద్దుగూకినా కాలుతూనే ఉండేవి. జనం అప్పో సప్పో చేసి ఏసీలు కొన్నారు. షోరూంలో నిలబడటానికి చోటు లేదు. సైరా పేరు బోర్డు మీద అందరికన్నా పైన ఉండేది.

మరుసటేడు ఏప్రిల్ చివర్లోనే మబ్బులు కమ్మాయి. మే నెలంతా రోజు విడిచి రోజు వాన. హమ్మయ్య, ఈ ఏడు ఎండలు తప్పాయని ఊరంతా అనుకుంటుంటే, బస్సు కిటికీలోంచి చల్లగాలి తగిలితే సైరా అద్దం మూసేసేది. ఎందుకంటే ఆ మే నెల టార్గెట్ పోయిన మే నెల అమ్మకాలను చూసి వేసింది. దాని మీద ఇంకొంత పెంచి వేసింది.

"వానలు పడుతున్నాయని చెప్పండి సార్ వాళ్ళకి," అంది భవానీప్రసాద్‌తో.

"చెప్పా. వాన పడితే వాషింగ్ మెషీన్లు అమ్మమన్నారు. బట్టలు ఆరవుగా, డ్రయర్ ఉంటదని చెప్పమన్నారు." ఆయన నవ్వలేదు. "నిజంగానే అన్నారమ్మా."

ఆ నెలలోనే ఆమె ఆరోగ్యమ్మకు రెండు తలుపుల ఫ్రిజ్ అమ్మింది. ఆరోగ్యమ్మ చిల్లకల్లులో హైవే పక్కన ఇడ్లీ బండి పెట్టుకున్న మనిషి. బస్సు ఆగినప్పుడల్లా సైరా కిటికీలోంచి పలకరించేది, పిన్నీ అని పిలిచేది. ఆవిడ చిన్న ఫ్రిజ్ కోసం వచ్చింది. పెద్దదాని తలుపు తీసి చూడమంది సైరా. ఆవిడ చాలాసేపు పట్టుకుని నిలబడింది.

అయినా నెలాఖరుకు ఇంకా తక్కువ పడింది. ఏం చేయాలో తోచక సైరా జాకీర్ పేరు మీద ఒక ఏసీ రాసింది. తన పేరు మీద వాషింగ్ మెషీన్ రాసింది. ఇన్సెంటివ్ వస్తే దాంతో కొన్ని వాయిదాలు కట్టేయొచ్చని లెక్క వేసుకుంది. ఇన్సెంటివ్ వచ్చింది. అది ఇంటద్దెకూ జాకియా ఫీజుకూ పోయింది.

ఒకరోజు పొద్దున జాకీర్ ట్రిప్పు ముగించుకుని ఇంటికొచ్చాడు. కనుబొమల మీద సిమెంటు దుమ్ము అలాగే ఉంది. చెప్పులు విప్పుతూ గోడ వంక చూసి ఆగిపోయాడు.

"ఇదెప్పుడొచ్చింది?"

"మొన్న," అంది సైరా.

"ఎవరు కొన్నారు?"

"మీరే."

జాకీర్ నవ్వాడు. ఆమె నవ్వకపోవడం చూసి మానేశాడు. "నేనెప్పుడు కొన్నా?"

"మీరు కోదాడలో ఉన్నప్పుడు ఫోన్ చేశాగా. మీ ఫోనుకి ఓటీపీ నంబరు వస్తది, చెప్పమన్నాగా."

"అది ఏదో ఆఫీసు పనన్నావ్."

"ఆఫీసు పనే."

అతను కూర్చుని తల తుడుచుకున్నాడు. కేకలు వేసే మనిషి కాదు. "నేను ఇంట్లో పడుకునేదే నెలకి నాలుగు రోజులు సైరా. మిగతా రోజులన్నీ కేబిన్లో చెమటలు కారుస్తూ దీనికి డబ్బులు కట్టాలా?" అన్నాడు.

హఫీజున్నీసా గడప దగ్గర నుంచి అందుకుంది. "దాని కింద కూర్చుంటే మోకాళ్ళు పట్టేస్తున్నాయిరా. నేను వరండాలోనే చాప వేసుకుంటున్నా."

వాషింగ్ మెషీన్‌కి నీళ్ళ కనెక్షను లేదు. అట్టపెట్టె విప్పకుండా ముందు గదిలో నిలబెట్టారు. జాకియా దాని మీద పుస్తకాలు పరుచుకుని హోంవర్కు చేసుకునేది. వచ్చినవాళ్ళెవరైనా అదేంటని అడిగితే సైరా ముందే ఏదో ఒకటి చెప్పేసేది. ఆ ఏడాది ఇంకో రెండుసార్లు నెలాఖరు అలాగే గట్టెక్కింది, ఒకసారి మిక్సీ, ఒకసారి ఫోను. ఆ తర్వాత ఆ ఇంట్లోవాళ్ళ పేర్ల మీద అప్పు పుట్టడం ఆగిపోయింది.

చిల్లకల్లు దగ్గర బస్సులు ఆగే చోటు మారింది. ఆరోగ్యమ్మ బండి ముందు నిలబడేవాళ్ళు తగ్గారు. ఫ్రిజ్ వాయిదాలు ఆగాయి. వసూలుకు వెళ్ళిన కుర్రాళ్ళకు తలుపు తీయలేదు. భవానీప్రసాద్ సైరాను పిలిచి, "నువ్వు వెళ్ళమ్మా. నీకైతే తీస్తది. నీ కస్టమర్లలో బాకీలు పెరిగితే నీ ఇన్సెంటివ్‌లోనే కోస్తారు, నేనేం చేయలేను," అన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం సైరా వెళ్ళింది. దారంతా ఒక మాట సిద్ధం చేసుకుంది. ఫ్రిజ్ తిరిగి ఇచ్చేయమని చెప్పాలి, తానే దగ్గరుండి ఆఫీసులో మాట్లాడాలి. కొన్నాళ్ళుగా ఆవిడ ముఖం గుర్తొస్తే అన్నం సహించడం లేదు.

తలుపు వెంటనే తెరుచుకుంది. "రామ్మా. నాకోసం వచ్చావా, ఫ్రిజ్ కోసం వచ్చావా?" అంది ఆరోగ్యమ్మ.

"రెండింటికీ పిన్నీ."

లోపల సగం గది ఫ్రిజ్‌దే. ఆరోగ్యమ్మ పీట వేసి, ఉల్లిపాయలు కోస్తూ కూర్చుంది. సైరా అనుకున్నదంతా చెప్పింది. కట్టింది పోతే పోయింది, మిగతా బాధ తప్పుద్ది అంది. "నీకు చిన్నది చాలని నాకప్పుడే తెలుసు పిన్నీ," అని కూడా అంది.

"తెలిసే ఇచ్చావా?"

"తెలిసే ఇచ్చా. నెలాఖరు."

ఆరోగ్యమ్మ కత్తిపీట ఆపలేదు. "మాకున్నది పిండి గిన్నె, పాల గిన్నె. అంతది ఎందుకని మా ఆయన అప్పుడే అన్నాడు. నేనే కావాలన్నా. చిన్నప్పట్నుంచీ ఎన్నో ఇళ్ళల్లో పనిచేశా. ఫ్రిజ్‌లు పైన తుడిచానుగానీ, నా చేత్తో తలుపు తీసుకుని చల్లటి నీళ్ళు తాగింది లేదు. ఆ రోజు నువ్వు తీసి చూడమన్నావ్. బాగుంది. కొనుక్కున్నా. ఇప్పుడు పై అరలో పూలమ్మే బేబి మల్లెపూలు పెట్టుకుంటది, ఎంతోకొంత ఇస్తది. ఉన్నప్పుడు కడతా, లేనప్పుడు తలుపేసుకుంటా. నువ్వేదో నన్ను ముంచేశానని మొహం వేలాడేసుకుని వస్తే నాకేం ఒరుగుద్ది?"

తిడుతుందనుకుంది సైరా, ఏడుస్తుందనుకుంది. ఈ జవాబు ఆమె అనుకోలేదు. ఆరోగ్యమ్మ లేచి, పచ్చడికి మిక్సీ వేసింది. వైరుకు టేపు చుట్టి ఉంది. అది గుర్రుగుర్రుమని ఆగింది. ఆవిడ అరచేత్తో ఒక దెబ్బ వేస్తే మళ్ళీ తిరిగింది.

"మోటారు పోతున్నట్టుంది పిన్నీ," అంది సైరా. "పాతదిస్తే ఎక్స్‌చేంజ్ ఆఫర్ నడుస్తోంది. ముందు ఏమీ కట్టక్కర్లేదు. నెలకైతే నీకు..."

మాట మధ్యలో ఆగింది. ఆరోగ్యమ్మ మిక్సీ కట్టేసి, తిరిగి చూసింది. ఆవిడకు నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

"నీకు ఒంట్లో బాలేదమ్మా," అంది దగ్గరికొచ్చి. "అన్నం తిని పో."

సైరా తినలేకపోయింది. రోడ్డు మీదికొచ్చి పేట బస్సు కోసం నిలబడింది. బస్సొచ్చింది. ఎక్కలేదు. ఇంకోటొచ్చింది. అదీ పోనిచ్చింది. సిమెంటు లారీలు వరసగా పోతున్నాయి. ఆ మాటలు తను అనాలని అనుకోలేదు. ఆవిడ బాకీ గురించే, ఆవిడ బాధ గురించే మాట్లాడటానికి వెళ్ళింది. మరి నోరెలా తెరుచుకుంది? ఎవరో తన లోపల కూర్చుని మాట్లాడుతున్నట్టు, ఆ మాట్లాడేవాళ్ళకు తనతో పని లేనట్టు అనిపించింది.

మర్నాడు పొద్దున ఫోన్లో మీటింగు. విజయవాడ ఆఫీసరు ఒక్కొక్కరినీ అడుగుతున్నాడు. సైరా వంతు వచ్చింది.

"సైరా గారూ, ఈ నెల ప్లాన్ చెప్పండి."

"నా దగ్గర ఇంక కొనేవాళ్ళు లేరు సార్."

"అలా అంటే ఎలాగండి? జిల్లాలో ఎన్ని ఇళ్ళున్నాయి?"

"చాలా ఉన్నాయండి. ఉన్నవాళ్ళు కొనేశారు. లేనివాళ్ళకి నేనే కొనిపించా. మా ఇంట్లో విప్పని పెట్టె ఒకటుంది సార్, అది కూడా మీ లెక్కలోదే."

ఆయన, "నెగెటివ్‌గా ఆలోచించకూడదండీ. నెక్స్ట్," అన్నాడు.

మీటింగు అయ్యాక భవానీప్రసాద్ ఆమెను గోడౌన్లోకి పిలిచాడు. తిడతాడనుకుంది. ఆయన ఒక అట్టపెట్టె మీద కూర్చుని, మాత్రల అట్ట జేబులోంచి తీసి చేతిలో తిప్పుతున్నాడు.

"మీ ఇంట్లో ఒక పెట్టేనా?" అన్నాడు.

సైరా తలూపింది.

"నా పేరు మీద రెండు టీవీలున్నాయి. ఒకటి మంచం కింద, ఒకటి మా బావమరిది ఇంట్లో. మా ఆవిడకి ఇంకా తెలీదు."

"ఎందుకు సార్ అట్లా?"

"ఇల్లు కట్టాగదమ్మా. ఆ లోను ఉంది. ఈ ఉద్యోగం లేకపోతే అది కట్టలేను." ఆయన గొంతులో సిగ్గు లేదు, అలసట ఉంది. "నువ్వు వెళ్ళిపోతావని తెలుసు. నెలాఖరు దాకా ఉండమ్మా."

ఆమె నెలాఖరు దాకా ఉంది.

ఉద్యోగం మానేస్తే బాకీలు మానవు. వాషింగ్ మెషీన్‌ని ఒక హాస్టలువాళ్ళకు తగ్గించి అమ్మారు. అట్టపెట్టె పోయాక ముందు గది ఖాళీ అయింది. జాకియా మాత్రం చదువుకోవడానికి చోటు పోయిందని అలిగింది. ఏసీకి బేరం రాలేదు. జాకీర్ ఇంకో లారీ ఓనరు దగ్గర ఎక్స్‌ట్రా ట్రిప్పులు ఒప్పుకున్నాడు. ఇదివరకు నెలలో నాలుగు రోజులైనా ఇంట్లో ఉండేవాడు, ఇప్పుడు స్నానం చేసి వెళ్ళిపోయేవాడు. ఒకసారి అన్నం ముందు కూర్చునే నిద్రపోయాడు. సైరా కంచం పక్కకు జరిపి, అతని తల కింద చెయ్యి పెట్టి, కదలకుండా చాలాసేపు కూర్చుంది.

"నా మూలానే," అతను లేచాక అంది సైరా.

"నీ మూలానే," అన్నాడు జాకీర్. అని, ఆమె చెయ్యి తిమ్మిరెక్కి ఉంటే రుద్దాడు.

ఆరోగ్యమ్మ మాత్రం కంపెనీవాళ్ళతో ఒక ఒప్పందానికి వచ్చింది. నెలనెలా కట్టేది తగ్గించి, గడువు పొడిగించారు. అంతా కలిపి చూస్తే ఎక్కువే కడుతుందని సైరా చెప్పబోయింది. "నాకు తెలుసులేమ్మా," అంది ఆవిడ. బండి కొత్త స్టాపు దగ్గరికి మార్చుకుంది.

సైరాకు పేట బజారులో కుటుంబరావు గారి బట్టల కొట్లో పని దొరికింది. మందుల షాపులో ఇచ్చినంతే జీతం. ఆయన పెద్దమనిషి. చేరిన రోజు, "పోయిన ఏడు ఎంత అమ్మామో ఈ ఏడూ అంత అమ్మితే చాలమ్మా నాకు," అన్నాడు. ఆ ఒక్క మాట కోసమే ఆమె అక్కడ చేరింది.

మొదట్లో చాలా కష్టమైంది. ఒకటో తేదీ వస్తే కొట్టు గోడల మీద బోర్డు కోసం వెతికేది. ఎవరూ ఫోన్ చేయకపోతే ఫోన్ పాడైందేమోనని చూసుకునేది. మధ్యాహ్నం కొట్లో ఎవరూ లేనప్పుడు కూర్చోలేక, మడతపెట్టిన తానులే విప్పి మళ్ళీ మడతపెట్టేది. లైనింగు గుడ్డ కోసం వచ్చినావిడకు లైనింగు గుడ్డే కోసి ఇచ్చి పంపడం ఆమెకు పరీక్షలాగా ఉండేది. మాటలు నోటిదాకా వచ్చేవి. కత్తెర గట్టిగా పట్టుకునేది. కుటుంబరావు అది చూసి, "అంత నొక్కి పట్టుకోకమ్మా, వేళ్ళు కాయలు కాస్తాయి," అనేవాడు.

కొన్నాళ్ళకు కొంచెం తగ్గింది. పక్కింటికి వెళితే ఇంటావిడ ముఖం చూడటం మళ్ళీ అలవాటవుతోంది. గోడల మీదికి చూపు పోవడం మానలేదుగానీ, పోయినా త్వరగా వెనక్కి వస్తోంది.

ఈ దీపావళి తర్వాత హైవే మీద ఒక పెద్ద బట్టల మాల్ తెరిచారు. నాలుగంతస్తులు, లిఫ్టు. పేట నుంచి ఉచితంగా వ్యాను తిప్పుతున్నారు. కుటుంబరావు రోజుకు పదిసార్లు గుమ్మంలోకి వెళ్ళి బజారు వంక చూసి వచ్చేవాడు. ఒకరోజు సాయంత్రం కొట్టు కట్టేసే ముందు గల్లాపెట్టె మీద చేతులు పెట్టి ఆలోచిస్తూ కూర్చున్నాడు.

"అమ్మా సైరా. ఆ మాల్లో పట్టుచీరలకి కూడా నెలవాయిదాలు ఇస్తున్నారంట. నీకు ఆ ఫైనాన్స్ వాళ్ళంతా తెలుసుగా?"

సైరా గుడ్డ తాను చుడుతూ ఆగింది.

"తెలుసండి."

"ఒక చిన్న టేబుల్ వేద్దాం. నువ్వయితే బాగా చెబుతావు."

"నన్నడగొద్దండి," అంది సైరా. గొంతు మామూలుగానే వచ్చింది. "కావాలంటే ఇంకెవరినైనా పెట్టుకోండి. నేను గుడ్డ కోసిస్తా."

ఆయన కోపగించుకోలేదు. సరేలే అన్నట్టు తలూపి, షట్టరు సగం దించాడు. మిగతా సగం దించకుండా అలాగే పట్టుకుని, "అది లేకపోతే కొట్టు ఉండదేమోనమ్మా," అన్నాడు, ఆమెతో అన్నట్టు కాదు.

సైరా చున్నీ సర్దుకుని బజార్లోకి నడిచింది. దుకాణాలన్నీ లైట్లు వేసుకుని ఉన్నాయి. ఎక్కడా ఆగలేదు. ఆ మాట ఆయన మళ్ళీ అడుగుతాడని ఆమెకు తెలుసు. ఎప్పుడడుగుతాడో, అప్పుడు తానేమంటుందో ఆలోచిస్తూ, ఎవరో తరుముతున్నట్టు గబగబా ఇంటి వైపు వెళ్ళిపోయింది.